నల్లరాజు గడి

రామం మాస్టారు పోయిన కబురు నాకు చేరేసరికి పదకొండో రోజు కూడా అయిపోయింది. ఈ వయసులో నాకు కబుర్లన్నీ ఇలాగే వస్తున్నాయి, అందరూ తిని లేచాక భోజనానికి పిలిచినట్టు. "ఇప్పుడెళ్ళి ఏం చేస్తావమ్మా, ఫోన్లో పలకరించు" అన్నాడు మా అబ్బాయి. నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంటికి నేను చెప్పాల్సిన మాట ఫోన్లో చెప్పేది కాదు. గుడివాడలో బస్సెక్కి, పామర్రులో ఇంకోటి పట్టుకుని, చల్లపల్లి మీదుగా, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి దివిసీమలో వాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆయన భార్య కమలమ్మగారు నన్ను చూసి ఏడవలేదు. "కూర్చోమ్మా, ఎండన పడి వచ్చావు" అని ఫ్యాను వేసి, లోపలికి వెళ్ళి, పాత పంచెముక్కలో చుట్టిన మూట ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఇది నీకే ఇవ్వమన్నారు. రెండు నెలల ముందే చెప్పిపెట్టారు."

విప్పకముందే అదేమిటో తెలిసిపోయింది. మా నాన్న అద్దిన చదరంగం గుడ్డ. మూరన్నర చదరం నేతగుడ్డ మీద ఎర్రగళ్ళు, నల్లగళ్ళు, చుట్టూ సన్నటి తీగ అంచు. అన్నేళ్ళయినా ఎరుపు ఎరుపుగానే ఉంది. నలుపు మాత్రం కొద్దిగా గోధుమ తిరిగింది. ఇటు చివరి వరసలో ఒక గడిలోనూ, అటు చివరి వరసలో ఒక గడిలోనూ చిన్న పువ్వు. రాజు నిలబడే చోటికి అది గుర్తు. ఆ రెండో పువ్వు, నల్లరాజు గడిలోని పువ్వు, కంటబడగానే దాన్ని అరచేత్తో మూసేశాను. అది పక్క గడిలో ఉండుంటే ఒక మనిషి బతుకు ఇంకో దారిన పోయేది. ఈ మాట ఇన్నేళ్ళలో నేను ఎవరితోనూ అనలేదు.

మాది పెడన. మా ఇంటి వాసన ఏదని అడిగితే ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇనుపముక్కలూ బెల్లమూ కలిపి కుండలో నానేసిన నల్లరంగు నీళ్ళ పులిసిన కంపు, ఉడికే ఎర్రరంగు కాగులోంచి వచ్చే వేరువాసన, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డల వగరు వాసన. బడిలో పిల్లలు నా పక్కన కూర్చోవడానికి ముక్కు మూసుకునేవారు. నాన్న పొద్దున్నే చద్దన్నం తిని అద్దకం బల్ల ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా అచ్చు మీద అరచేతి దెబ్బల చప్పుడే. ఆ చేతి అంచు కాయకాసి చెక్కలా ఉండేది. ఆ చేత్తోనే సాయంత్రం గుర్రాన్నీ శకటునీ ముట్టుకునేవాడు, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకున్నంత మెత్తగా. అమ్మ అరుస్తూనే ఉండేది. "కట్టుకున్నదానితో పదిమాటలు మాట్లాడరు, ఆ కొయ్యబొమ్మలతో ఎంత సరసమో!" నాన్న నవ్వి, "అవి ఎదురు చెప్పవే" అనేవాడు.

నాన్న ఆడేది మన పాత పద్ధతి ఆట. అందులో ఎవరి రాజు వారి కుడిచేతి పక్కన, మంత్రి ఎడమ పక్కన. కాబట్టి రాజులిద్దరూ ఎదురెదురు పడరు. నా రాజు ఎదుట నీ మంత్రి, నీ రాజు ఎదుట నా మంత్రి. ఎవరూ పొరపాటు పడకుండా ఆ గళ్ళలో నాన్న పువ్వులు అద్దేవాడు. బంటు ఒక్కొక్క గడే నడుస్తుంది. ఆట నిదానంగా సాగుతుంది. చుట్టుపక్కల నేతగాళ్ళలో ఆయన్ని ఓడించినవాడు లేడు. అలాంటి ఇంటికి ఒక ఆదివారం గుడివాడ నుంచి రైలు దిగి రామం మాస్టారు వచ్చారు. గుడివాడలో లెక్కల మాస్టారు. పాతికేళ్ళు కూడా లేవు. దివిసీమ మనిషి, సన్నగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు ఉండేవారు. వరసగా మూడాటలు ఓడిపోయి, లేచి నాన్న కాళ్ళకు దండం పెట్టారు. నాన్న కంగారుపడిపోయాడు. "అయ్యో, మీరు చదువుకున్నవారండీ, ఇదేంటండీ" అన్నాడు. ఆయన, "చదువు లెక్కల్లోనేనండీ గురువుగారూ, ఆటలో నేను ఒకటో క్లాసే" అన్నారు. ఆ రోజునుంచి నాలుగేళ్ళు, ఆదివారం అంటే మా ఇంట్లో గుడివాడ రైలే.

పోటీల్లో ఆడాలంటే పాత పద్ధతి పనికిరాదని మాస్టారికి తెలుసు. అక్కడ ఆడేది ఇంగ్లీషు ఆట. అందులో బంటు మొదట రెండు గళ్ళు దూకొచ్చు, రాజు కోటలో దాక్కోవచ్చు, రాజులిద్దరూ ఎదురెదురుగా ఉంటారు. అట్ట మీద గళ్ళు గీసుకుని తెచ్చి నాన్నకు ఆ ఆట చూపించారు. "రాజులిద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ నిలబడతారా? సిగ్గు లేకపోతే సరి!" అని నాన్న వెక్కిరించాడు గానీ, వారం తిరక్కుండా ఆ ఆటలోనూ ఆయన్ని ఓడించాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. బందరులో ఎస్సెల్సీ. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పేపర్లో వేసే ఎత్తులు చదవడం మాస్టారు నాకే నేర్పారు. తెల్లవాడు తన వైపునుంచి, ఆట మొదట్లో తన రాజు నిలబడ్డ నిలువు వరసను బట్టి గళ్ళు లెక్కపెడతాడు. నల్లవాడు తన వైపునుంచి, తన రాజు ఉన్న వరసను బట్టి. "ఒక్క సంగతి సరోజా, ఈ లెక్కకి గురువుగారి గుడ్డ పనికిరాదు సుమా. నల్లరాజుని పువ్వు మీద పెట్టకూడదు, పక్క గడిలో పెట్టాలి" అన్నారు. "నాకు తెలీదేంటండీ!" అన్నాను. నోరెక్కువ నాకు. అప్పుడూ ఇప్పుడూ.

ఆయనకు జాతీయ పోటీకి పిలుపొచ్చింది. ఎక్కడో ఉత్తరాన, మేమెవ్వరమూ చూడని ఊళ్ళో. ఆ ఊరి పేరు నాన్నకు చివరిదాకా నోరు తిరగలేదు. మొదటి నలుగురిలో వస్తే దేశం తరఫున ఆడటానికి ఓడెక్కించి విదేశానికి పంపుతారట. ఆ మాట విన్నప్పటినుంచి నాన్న కాలు నిలవలేదు. వారం రోజులు వేరే పని ముట్టుకోకుండా మాస్టారి కోసం ఈ గుడ్డ అద్దాడు. అచ్చం మా ఇంట్లో ఉన్నదానికి జత. "దీని మీద ఆడనివ్వరు, నాకు తెలుసు. పెట్లో పెట్టుకో చాలు" అన్నాడు, అంతవరకూ మీరు అన్నవాడు మొదటిసారి నువ్వు అంటూ. మాస్టారు ఆ గుడ్డను పెట్టెలో పైన కాదు, అడుగున, ఉతికిన చొక్కాల కింద పెట్టుకున్నారు. రైలు కదిలాక నాన్న ప్లాట్‌ఫారం చివరిదాకా పక్కనే పరుగెత్తాడు. అంత పెద్దమనిషి పరుగెత్తడం చూసి నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత పదిహేను రోజులు మా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. మద్రాసు ఇంగ్లీషు పేపరు ఒకరోజు ఆలస్యంగా రైల్లో వచ్చేది, అదీ స్టేషన్ మాస్టారికి మాత్రమే. ఆయన కాఫీ తాగుతూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, సంతాపాలతో సహా చదివితే గానీ ఇచ్చేవారు కాదు. నాన్న రంగుచేతులతో గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఇంట్లో అడుగు పెట్టగానే పేపరు నా మొహాన పారేసి, "చూడవే, త్వరగా చూడు" అనేవాడు. ఎక్కడో మూలన గుర్రప్పందాల కింద రెండు లైన్లు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, అంతే. మాస్టారు మొదటి రెండూ ఓడారు. ఆ రెండు రోజులూ నాన్న అచ్చు తలకిందులుగా కొట్టి రెండు దుప్పట్లు పాడుచేశాడు. మూడోది గెలిచారు. నాలుగోది గెలిచారు. అమ్మకు కూడా పట్టుకుంది పిచ్చి. వంటింట్లోంచే కేకేసేది, "ఏమే, మనవాడు ఏం చేశాడు?" అని. పైడమ్మ తల్లికి చీర మొక్కుకుంది. వీధిలో మగ్గాలు ఆపి నేతగాళ్ళు వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. "పెడన పెడనంతా ఆడుతున్నాం ఆట" అనేవాడు నాన్న. ఆ మాటలో గర్వం కన్నా భయమే ఎక్కువ వినిపించేది.

మొన్న మా మనవడు సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోన్లో ఏదో దేశంలో జరుగుతున్న ఆట చూస్తున్నాడు. ఎత్తు వేసిన క్షణంలో వీడికి తెలిసిపోతుంది. పక్కన ఒక పట్టీ ఎవరు గెలుస్తున్నారో కూడా చూపిస్తుందట. "నానమ్మా, వీడు పోయాడు, వీడికింకా తెలీదు" అన్నాడు. మాకు ఓటమి రైల్లో, ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఆ ఒక్క రోజూ మనిషి ఓడిపోయి కూడా మా దృష్టిలో ఆడుతూనే ఉండేవాడు. వాడికి ఇదంతా చెప్పబోయి ఊరుకున్నాను. వాడు అప్పటికే ఇంకో ఆటలోకి వెళ్ళిపోయాడు.

ఆఖరి ఆట సగంలో ఆగింది. అప్పట్లో ఆట పొద్దుపోయినా తెగకపోతే బల్ల మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుని, మళ్ళీ ఇంకో రోజు కొనసాగించేవారు. ఈ లోపల ఆటగాళ్ళు ఎవరితోనైనా ఆలోచించుకోవచ్చు. ఆ ఆట తిరిగి మొదలయ్యేది, మాకు పేపరు చేరిన మర్నాడు మధ్యాహ్నం అని అందులో వేశాడు. ఇంకో సంగతి కూడా వేశాడు: మాస్టారు డ్రా చేసుకున్నా చాలు, మొదటి నలుగురిలో ఉంటారు. కింద ఆగిన ఆట వివరం, ఏ పావు ఏ గడిలో ఉందో ఇంగ్లీషు అక్షరాల్లో. తెల్లపావులు మాస్టారివి. నాన్న ఆ పేపరు నా చేతిలో పెట్టి గుడ్డ పరిచాడు. "చదువు. నిదానంగా చదువు. ఒక్కటి కూడా తప్పకూడదు" అన్నాడు. నేను చదువుతూ గళ్ళు లెక్కపెట్టి వేలు పెడుతుంటే ఆయన పావులు పేర్చాడు. తెల్లవి సరిగ్గానే పేర్చాం. నల్లవాటికి వచ్చేసరికి నల్లరాజు వరస ఏదని చూశాను. పువ్వు కనిపించింది. పువ్వు నుంచే లెక్కపెట్టాను. ఇంత తల ఉండి, ఇంత చదువు ఉండి, మాస్టారు వేలు పెట్టి చూపించి చెప్పిన మాట ఉండి, పువ్వు నుంచే లెక్కపెట్టాను.

పేర్చడం పూర్తయ్యాక నాన్న మొహం చూడాలి. రక్తం దిగిపోయింది. "చచ్చాం" అన్నాడు. ఆ గుడ్డ మీద నల్లమంత్రి మాస్టారి రాజు మీదికి కత్తి దూసుకుని ఉంది. ఏ ఎత్తు వేసినా మూడు నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు. "డ్రా అంటాడేంటే వీడు? డ్రా ఎక్కడుంది ఇందులో? వాళ్ళకి కనపడలేదా?" అని పేపరు వాడిని తిట్టాడు. అమ్మ అన్నం పెడతానంటే కసురుకున్నాడు. అరుగు మీదివాళ్ళు ఒకడొకడే వచ్చి చూసి తలలాడించి వెళ్ళారు. మధ్యాహ్నం మూడింటిదాకా మేమిద్దరం ఆ గుడ్డ ముందు నుంచి లేవలేదు. మన రామానికి ఎవరూ చెప్పరా, అక్కడ ఎవరూ లేరా వాడికి, ఒంటరివాడు, భయస్తుడు, డ్రా అని నమ్మించి చంపేస్తారు, అని గొణుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఒక్కసారి గొణగడం ఆగిపోయింది. మాస్టారి గుర్రం ఒకటి ఉంది, సొంత రాజుకి కాపలాగా. దాన్ని వదిలేసి ఎడమపక్కకు దూకిస్తే, మా గుడ్డ మీద అది నల్లరాజునీ ఏనుగునీ ఒకేసారి తన్నుతుంది. కాపలా పోతుంది, కానీ నల్లవాడికి తిరిగి కొట్టే తీరిక ఉండదు. నాన్న ఆ ఎత్తు వేసి, తీసి, మళ్ళీ వేశాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. "ఇదొక్కటే ఉందే సరోజా. ఇదొక్కటే దారి. ఇది వాడికి తట్టదు" అన్నాడు.

సాయంత్రం బస్సులో బందరు వెళ్ళి టెలిగ్రాం ఇచ్చాం. ఇంగ్లీషు నేనే రాశాను. డ్రా నమ్మవద్దు, ప్రమాదం, గుర్రం ఫలానా గడికి, అదొక్కటే మార్గం, గురువుగారు. గుమస్తా దాన్ని రెండుసార్లు చదివి, "ఏంటండీ ఇది, ఏదన్నా గుర్రం బేరమాండీ?" అన్నాడు. నాన్న నవ్వాడు. పదిహేను రోజుల్లో ఆయన నవ్వింది అప్పుడే. తిరిగొచ్చేటప్పుడు నాకు వేరుశనగకాయలు కొనిపెట్టాడు. ఇల్లు చేరాక కడుపునిండా అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నేను అదే పేపర్లో వేరేవాళ్ళ ఆట ఒకటి మొదటినుంచీ ఎత్తులన్నీ వేసి ఉంటే, సరదాకి గుడ్డ మీద ఆడి చూద్దామనుకున్నాను. నాలుగో ఎత్తులో తెల్ల శకటు నల్ల గుర్రాన్ని చంపాలి. శకటుని తీసుకెళ్ళాను. అక్కడ గుర్రం లేదు. ఖాళీ గడి. నల్లగుర్రం గుడ్డకి అవతలి పక్కన నిలబడి ఉంది. అచ్చు తప్పేమో అనుకున్నాను. మళ్ళీ మొదటినుంచి వేశాను. మళ్ళీ ఖాళీ గడే. అప్పుడు నా కళ్ళు నల్లరాజు కిందున్న పువ్వు మీద పడ్డాయి. "నాన్నా" అన్నాననుకుంటాను. ఆయన నల్లరంగు కుండ కలుపుతున్నవాడు కర్ర అలాగే వదిలేసి వచ్చాడు. నేను చెప్పక్కర్లేకపోయింది. నల్లపావులన్నీ తీసేసి, రాజును పక్క గడిలో అనుకుని, నిన్నటి ఆటను మళ్ళీ పేర్చాడు. నల్లరాజు ఎడమ మూల నుంచి కుడి మూలకు వెళ్ళిపోయాడు. మాస్టారి రాజు మీద కత్తి లేదు, ఏమీ లేదు. పిల్లలు కూడా చెయ్యగల డ్రా. మా గుర్రం ఎత్తు వేస్తే అది ఎవర్నీ తన్నదు. పైగా కాపలా వదిలేసిన రాజు చస్తాడు.

"చంపేశామే వాణ్ణి" అన్నాడు నాన్న. నేను ఏడుపు మొదలుపెట్టాను. "నేనే నాన్నా, నేనే తప్పు లెక్కపెట్టాను, మాస్టారు చెప్పారు నాకు" అన్నాను. "లెక్క నీదైతే పువ్వు నాదేగదే! ఏడుపు తర్వాత, పద" అన్నాడు. రైలు వెళ్ళిపోయింది. బస్సు ఎప్పుడొస్తుందో తెలీదు. ఎదురింటివాళ్ళ సైకిలు అడిగి నన్ను వెనక కూర్చోబెట్టుకుని బందరు రోడ్డున పడ్డాడు. నాన్నకు సైకిలు తొక్కడం అంతంత మాత్రం. ఆ రోజు సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. సగం దూరంలో ఆయాసం వచ్చి దిగి తోశాడు, నేను దిగి పక్కన పరుగెత్తాను, మళ్ళీ ఎక్కాం. చొక్కా లేదు, ఒంటిమీద కండువా, చేతులు మోచేతుల దాకా నలుపు. రోడ్డు మీదివాళ్ళు ఎవరో పోయారనుకుని పక్కకు తప్పుకున్నారు. ఒకాయన, "ఎవరికండీ?" అని అడిగాడు కూడా. నాన్న, "మావాడికండీ" అన్నాడు.

మొదటి టెలిగ్రాం తప్పు, డ్రా తీసుకో. అంతే రాశాను. అదే గుమస్తా. ఈసారి మాటలు లెక్కపెట్టి డబ్బు తీసుకున్నాడు. నాన్న కటకటాలు పట్టుకుని, "అందుతుందాండీ? మధ్యాహ్నంలోగా అందుతుందాండీ?" అని అడిగాడు. "పంపించడం వరకే నా పనండీ. అక్కడ ఎప్పుడు చేతికిస్తారో నేనెలా చెప్పనండీ?" అన్నాడతను, జాలిగానే. మేం బయట మెట్ల మీద కూర్చున్నాం. పన్నెండు కొట్టింది, ఒంటిగంట కొట్టింది. ఆట మొదలయ్యే వేళ కూడా దాటింది. నాన్న లేచి, "పద. రైల్లో రావాల్సింది రైల్లో వస్తుంది" అన్నాడు.

రెండు రోజుల తర్వాత పేపర్లో వచ్చింది. ఒకే లైను. ఆగిన ఆటలో ఓడిపోయారు, ఐదో స్థానం. ఎత్తులు వెయ్యలేదు. మా టెలిగ్రాం చేరి ఓడారో, చేరక ఓడారో అందులో లేదు. నాన్న గుడ్డను చుట్టి అటక మీద పడేశాడు. ఆదివారం మాస్టారు రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. నాన్న మాత్రం రైలు వేళకి స్టేషనుకి వెళ్ళేవాడు. గుడివాడ రైలు వచ్చి, అందరూ దిగి, గేటు దాటి, రైలు బందరుకి వెళ్ళిపోయేదాకా నిలబడి తిరిగొచ్చేవాడు. ఉత్తరం రాయమని నేనంటే, "ఏమని రాస్తావే? నిన్ను ముంచాం, క్షేమమని తలుస్తామనా?" అన్నాడు. తిండి తగ్గింది. అద్దకం బల్ల మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. అమ్మ ఏడ్చింది. "ఆటేగదండీ, ఇంత చేసుకుంటారా ఎవరైనా?" అంది. పది ఆదివారాలు అలా గడిచాయి. మాస్టారితో పాటు నాన్ననీ పోగొట్టుకుంటామని నాకు గట్టిగా అనిపించింది. పదిహేనేళ్ళ పిల్లకి అంతకన్నా పెద్ద భయం ఏముంటుంది?

పదకొండో ఆదివారం మాస్టారు వచ్చారు. నాన్న వెనకే గుమ్మంలోకి వచ్చారు, చేతిలో అరటిపళ్ళతో, ఎప్పటిలాగే క్షమాపణ మొహంతో. దారి పొడుగునా ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదట. మాస్టారే అన్నారు: "మీ టెలిగ్రాంలు రెండూ కలిసే వచ్చాయండీ గురువుగారూ. ఆట అయిపోయాక. తొందరపడి నేనే చెడగొట్టుకున్నాను. మిమ్మల్ని చూడ్డానికి మొహం చెల్లక ఇన్నాళ్ళూ రాలేదు." నాన్న అలాగే గోడకి జారబడి కూర్చుండిపోయాడు. "రెండూ తర్వాతేనా?" అన్నాడు. "తర్వాతేనండీ." "అమ్మ తోడు?" "మా అమ్మ తోడండీ." నాన్న చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చి, మొహం కడుక్కుని, "వెధవా, డ్రా కూడా చేసుకోలేకపోయావేంరా!" అని తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లు వింటుంటే మాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఆ పూట గారెలు వండింది. అటక మీది గుడ్డ కిందికి దిగింది. మాస్టారు నల్లపావులు తీసుకుని, రాజును పువ్వు మీద పెట్టి, పాత పద్ధతిలోనే ఆడారు.

ఆయన మళ్ళీ జాతీయ పోటీకి వెళ్ళలేదు. సెలవు దొరకలేదన్నారు ఒకసారి, ఇంట్లో ఇబ్బంది అన్నారు ఇంకోసారి. ఆ మరుసటి మూడేళ్ళూ ఆదివారం ఆట అయ్యాక నన్ను కూర్చోబెట్టి లెక్కలు చెప్పారు. "నువ్వు లెక్క తప్పకూడదు సరోజా, నీకు లెక్కలొచ్చు" అనేవారు. ఆయన చలవ వల్లే నేను లెక్కల టీచర్నయ్యాను, ముప్ఫై రెండేళ్ళు చెప్పాను. నాన్న ఇంకో పన్నెండేళ్ళు బతికాడు. పోయేముందు కూడా, "నయం, ఆ టెలిగ్రాం ముందు చేరలేదు. చేరితే నేను అప్పుడే పోయేవాణ్ణి" అన్నాడు. నేను అవునన్నాను. మనసులో ఒక మూల మాత్రం నమ్మలేదు. మొదటిది ముందురోజు సాయంత్రమే బయల్దేరింది, రెండోది మర్నాడు పన్నెండు కొట్టబోయే ముందు. రెండూ కలిసి ఎలా వస్తాయి? ఈ లెక్క చెయ్యడానికి లెక్కల టీచరు అక్కర్లేదు. కానీ నేను చెయ్యలేదు.

కమలమ్మగారు కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, నేను గుడ్డ మీద చెయ్యి వేసుకుని కూర్చోవడం చూసి పక్కనే కూర్చున్నారు. "మొదటి టెలిగ్రాం హాల్లోకి వెళ్తుంటే గుమ్మంలో ఇచ్చారటమ్మా" అన్నారు, నేను అడక్కుండానే. "అవతలాయన డ్రా అడిగాడట కూడా. ఈయన ఒప్పుకోబోయి, గురువుగారు ప్రమాదం అన్నారంటే ఏదో ఉండే ఉంటుంది, నాకు కనపడటం లేదంతే అనుకుని ఆ ఎత్తు వేశారట. ఓడి బయటికొస్తే రెండోది చేతికిచ్చారట. గదికెళ్ళి ఈ గుడ్డ పరిచి చూశారట. అప్పుడు తెలిసిందట ఏం జరిగిందో. పెళ్ళయ్యాక నాకు ఎన్నిసార్లు చూపించారో, ఇదిగో ఇక్కడ గుర్రం, ఇక్కడ రాజు అని. ఈ గుడ్డ మీద అంత గొప్ప ఎత్తు ఇంకోటి లేదు కమలా అనేవారు. గురువుగారికి మాత్రం ఎవరూ చెప్పకూడదని నా చేత ఒట్టేయించుకున్నారు."

తల్లి మీద అబద్ధపు ఒట్టు పెట్టుకున్న మనిషి ఆయన. ఈ మాట చెప్పడానికే వచ్చాను, ఇంక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేను. "అమ్మా, ఆ గళ్ళు లెక్కపెట్టింది మా నాన్న కాదండీ. నేను. మాస్టారు నాకు ముందే చెప్పారు, పువ్వు నుంచి లెక్కపెట్టొద్దని. తప్పు మా నాన్నదనుకునే పోయారు మాస్టారు, కానీ అది నాది" అన్నాను. డెబ్భై ఎనిమిదేళ్ళదాన్ని, పరాయి ఇంట్లో, బడిలో దొరికిపోయిన పిల్లలా ఏడ్చాను.

కమలమ్మగారు నా వీపు మీద చెయ్యి వేశారు. "ఊరుకో తల్లీ, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు. "ఆయనకి ఆ సంగతి తెలీదనుకున్నావా? మీ నాన్నగారికి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు గదమ్మా!"